ఇంట్లో విల్లుంది, పోటీలో గురి ఎందుకు తప్పుతోంది?

అరకులోయ, (మా గ్రామీణ విలేకరి):

"మావోడు బాణమేస్తే చెట్టుమీద కాయ రాలిపోద్ది బాబూ. అలాటోడు కింద ఊళ్ళో పోటీకెళ్ళి మొదటిరోజే ఎనక్కొచ్చేశాడు. అదేటో మాకు తెలీలేదు."

డుంబ్రిగుడ మండలంలో ఒక తండ్రి అన్న మాట ఇది. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. చైత్రమాసంలో ఇటుకల పండగ వచ్చిందంటే మన్యంలో విల్లంబులు బయటికి వస్తాయి. వేటకు పోయి వట్టి చేతులతో వచ్చిన మగవాళ్ళను ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టించడం మన తాతల నాటి ఆచారం. మన జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ అల్లూరి సీతారామరాజు విగ్రహం చేతిలోనూ చాలాచోట్ల విల్లే కనిపిస్తుంది. అయినా విలువిద్యలో రాష్ట్రానికి పేరు తెచ్చినవారు ఎవరంటే మొదట నోటికి వచ్చేవి విజయవాడ పేర్లు. మన కొండల పేర్లు కావు.

విల్లు ఇంట్లో ఉన్నవాడు వెనుకబడి, విల్లు కొనుక్కున్నవాడు ముందుకు ఎందుకు పోతున్నాడన్నది ఇప్పుడు తప్పక ఆలోచించవలసిన విషయం. ఎందుకంటే ఈ ఆటకు మంచి రోజులు వస్తున్నాయి.

మారుతున్న పరిస్థితి

2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ విల్లు విభాగంలో ఉన్న అయిదు బంగారు పతకాలూ మన దేశానికే వచ్చాయి. వాటిలో మూడింటిలో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ చేయి ఉంది. అయితే అప్పటివరకు ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లుకు చోటు లేదు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో జరిగే ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్సెడ్ పోటీని, అంటే ఒక ఆడ, ఒక మగ కలిసి ఆడే పోటీని చేర్చాలని 2025 ఏప్రిల్‌లో నిర్ణయం జరిగింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి రికర్వ్ మిక్సెడ్ పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. ఒలింపిక్స్ విలువిద్యలో మన దేశం సెమీఫైనల్ చేరడం అదే మొదటిసారి. పతకం మాత్రం ఇంతవరకూ రాలేదు. అదే ఏడాది పారాలింపిక్స్‌లో హర్విందర్ సింగ్ బంగారు పతకం తెచ్చాడు. కాశ్మీరు వైపు కిష్త్వార్ కొండల్లో పుట్టిన శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. కాలితో విల్లు పట్టి బాణం వేసే ఆ అమ్మాయి రాకేష్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది.

ఇదిలా ఉండగా రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. కాబట్టి ఈ ఆటను కాలక్షేపం అని కొట్టిపారేయడానికి వీలులేదు. ఒక పిల్లవాడి బతుకుదెరువుకు కూడా దీనితో సంబంధం ఉంది.

అడవి గురి వేరు, టార్గెట్ గురి వేరు

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉంది. వేటలో బాణం వేసేది పది పదిహేను అడుగుల నుంచి, మహా అయితే ఇరవై ముప్పై అడుగుల నుంచి. వేసేది ఒక్క బాణం. పిట్టకు ఎక్కడ తగిలినా పని జరిగినట్టే. పోటీ అలా కాదు. రికర్వ్ విభాగంలో పెద్దలకు దూరం 70 మీటర్లు. టార్గెట్ అడ్డకొలత 122 సెంటీమీటర్లు. దాని నడుమ పది మార్కులు ఇచ్చే వలయం అడ్డకొలత 12.2 సెంటీమీటర్లు మాత్రమే. మొదటి దశలో 72 బాణాలు వేయాలి. మొత్తం 720 మార్కులు.

ఈ లెక్క చూడండి. 10 మీటర్ల దగ్గర బాణం ఒక సెంటీమీటరు పక్కకు పోతే ఎవరూ పట్టించుకోరు. అదే తప్పు 70 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 7 సెంటీమీటర్లు అవుతుంది. పది మార్కుల వలయం నడిమి నుంచి అంచుకు 6.1 సెంటీమీటర్లే కనుక ఆ బాణం వలయం దాటిపోతుంది. ఊళ్ళో కనిపించని తప్పు మైదానంలో కనిపించేది ఇందుకే. పారిస్‌లో ధీరజ్ మొదటి దశలో 720కి 681 తెచ్చుకుని నాలుగో స్థానంలో నిలిచాడు. 72 బాణాలలో పోగొట్టుకున్నది 39 మార్కులు. ఆ స్థాయి నిలకడ ఒక్క మంచి దెబ్బతో రాదు, ఒకే పనిని వేలసార్లు ఒకేలా చేస్తే వస్తుంది.

ఇంకొక తేడా కూడా ఉంది. వేటలో నారి లాగడం, వదలడం ఒక్క క్షణంలో జరిగిపోతాయి. పోటీలో నారి లాగి, దవడకు ఆనించి, నిలిపి, గురి కుదిరాక వదలాలి. ఇద్దరి మధ్య పందెంలో ఒక్కొక్క బాణానికి 20 సెకన్లే గడువు. మన కుర్రవాడికి కన్ను ఉంది, చేయి ఉంది, భయం లేదు. లేనిది ఈ నిలకడ. అది పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పితే వచ్చేది.

మూడు రకాల విల్లులు

పోటీలలో ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి. మొదటిది ఇండియన్ రౌండ్. దేశంలో తయారయ్యే వెదురు, కొయ్య విల్లులతో ఆడే విభాగం ఇది. పెద్దలకు దూరాలు 50, 30 మీటర్లు. దేశంలోపలి పోటీలకే పరిమితమైనా మొదలుపెట్టడానికి మన పిల్లలకు దీనికి మించినది లేదు.

రెండవది రికర్వ్. కొనలు ముందుకు వంగి ఉంటాయి. దీని బరువంతా లాగినవాడి వేళ్ళ మీదే ఉంటుంది. మూడవది కాంపౌండ్. దీని కొనలకు కప్పీల వంటి చక్రాలు ఉంటాయి. మొదట గట్టిగా లాగాలి. పూర్తిగా లాగిన తరువాత చక్రాలు తిరిగి చేతిమీద బరువు చాలావరకు తగ్గిపోతుంది. అందువల్ల గురి చూడడానికి తీరిక దొరుకుతుంది. దీని పోటీ 50 మీటర్ల దూరంలో జరుగుతుంది. ఇద్దరి మధ్య పందెంలో 15 బాణాలకు 150 మార్కులు.

గమనించవలసింది ధర. పోటీ స్థాయి రికర్వ్, కాంపౌండ్ సామాను లక్షల్లో ఉంటుంది. నడిమి భాగం కొయ్యతో చేసి, ఊడదీసి బిగించుకునే శిక్షణ విల్లు వేలల్లోనే వస్తుంది. ఉత్సాహం కొద్దీ కాఫీ పంట డబ్బు మీదో, పశువును అమ్మిన డబ్బు మీదో ఖరీదైన విల్లు కొనడం తొందరపాటు. ఏడాది సాధన చేయని కుర్రవాడి చేతిలో లక్ష రూపాయల విల్లూ, వెదురు విల్లూ ఒకటే.

విల్లు మనిషికి సరిపడాలి

చెప్పు కాలికి సరిపడినట్టే విల్లు మనిషికి సరిపడాలి. రెండు చేతులూ బార చాచి, ఒక చేతి నడిమి వేలి కొన నుంచి రెండో చేతి నడిమి వేలి కొన వరకు అంగుళాల్లో కొలవాలి. దానిని రెండున్నరతో భాగిస్తే ఆ మనిషి నారిని ఎంత లాగగలడో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. బార 65 అంగుళాలైతే లాగుడు 26 అంగుళాలు. కొత్తవాడి బాణం దానికన్నా ఒకటి రెండు అంగుళాలు పొడవు ఉండాలి. బాణం పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు విల్లు లోపలికి జారి చేతికే గుచ్చుకునే ప్రమాదం ఉంది.

ఇక విల్లు బరువు. లాగడానికి పట్టే బలాన్ని పౌండ్లలో చెబుతారు. 20 పౌండ్లంటే సుమారు 9 కిలోలు. పన్నెండేళ్ళ పిల్లలు 14 నుంచి 18 పౌండ్లతో, ఎదిగిన కుర్రవాళ్ళు 20 నుంచి 26 పౌండ్లతో మొదలుపెట్టడం మేలు. మన వాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. బలమైన విల్లు లాగినవాడే మగాడన్న పట్టింపుతో మొదటిరోజే గట్టి విల్లు పట్టుకుంటారు. భుజం వణుకుతుంది, మెడ వంగుతుంది, అదే అలవాటైపోతుంది. పూర్తిగా లాగి పది సెకన్లు వణకకుండా నిలపలేని విల్లు ఆ మనిషిది కాదు. కొన్ని నెలల సాధన తరువాత రెండేసి పౌండ్ల చొప్పున పెంచుకుంటూ పోవచ్చు.

ఏ కన్ను బలమైనదో కూడా చూసుకోవాలి. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న చెట్టును రెండు కళ్ళతో చూడండి. తరువాత ఒక్కొక్క కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు చెట్టు సందులోనే నిలుస్తుందో అదే బలమైన కన్ను. కుడికన్ను బలమైతే కుడిచేత్తో నారి లాగడం సులువు.

బాణాలే అసలు సంగతి

విల్లు మంచిదైనా బాణాలు ఒక్కలా లేకపోతే గురి కుదరదు. మన ఇళ్ళలో చేసుకునే బాణాలు ఒకటి లావు, ఒకటి సన్నం. ఒకటి పచ్చిది, ఒకటి ఎండినది. పది అడుగుల దూరానికి అది తేడా కాదు. ముప్పై మీటర్లకు అదే పెద్ద తేడా. వెదురు బాణాలతో సాధన చేసేవారు ఇరవై ముప్పై చేసుకుని, ఒకే పొడవుకు కోసి, చిన్న త్రాసుమీద తూచి, ఒకే బరువుకు దగ్గరగా వచ్చిన ఆరింటిని వేరుపెట్టుకోవాలి. ఈకలు ఒకే పక్షివి, ఒకే కొలతవి కట్టాలి. ప్రతి బాణానికి అంకె వేయాలి. ఆరు రోజులు వరసగా నాలుగో నంబరు బాణమే పక్కకు పోతుంటే తప్పు చేతిది కాదు, బాణానిది. దాన్ని తీసి పక్కన పెట్టాలి.

మన లోయలో తేమ ఎక్కువ. వానాకాలంలో వెదురు తేమ పీల్చి విల్లు మెత్తబడుతుంది. సాధన కాగానే నారి విప్పి, వంట పొగకూ వాన జల్లుకూ అందకుండా విల్లును వేలాడదీయాలి. పోగుల నారికి అప్పుడప్పుడు మైనం రాయాలి. పోగు తెగిన నారిని మరి వాడకూడదు.

రోజువారీ సాధన

మొదటి నెలలో దూరం జోలికి పోరాదు. గోనెసంచిలో పాత గుడ్డలు కుక్కి రొమ్ము ఎత్తున కట్టి, నాలుగైదు అడుగుల నుంచి బాణం వేయాలి. గుర్తు ఏమీ పెట్టవద్దు. దృష్టి అంతా ఒంటి మీదే ఉండాలి. కాళ్ళు భుజాల వెడల్పున నిలపాలి. విల్లు పట్టిన చేతి భుజం పైకి లేవకూడదు. బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్ళు పెట్టి నారి లాగాలి. బొటనవేలు మడిచి ఉంచాలి. ఏకలవ్యుడి కథ అందరికీ తెలిసిందే. ఈనాటి పోటీ పద్ధతిలో నారి లాగడానికి బొటనవేలితో పని లేదన్న సంగతి మన పిల్లలకు చెప్పాలి. చాలామంది వేటలో బాణం తోకను బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి లాగుతారు. ఆ అలవాటు మార్చుకోక తప్పదు.

లాగిన చేయి ప్రతిసారీ గడ్డం కింద ఒకేచోట ఆనాలి. ఈ రోజు చెవి దగ్గర, రేపు బుగ్గ దగ్గర అంటే బాణం కూడా అలాగే పోతుంది. వేళ్ళు సడలించి వదలాలి గాని చేయి గుంజకూడదు. బాణం తగిలేదాకా విల్లు దించకూడదు. ఎక్కడ తగిలిందో చూడాలన్న ఆత్రంతో తల పక్కకు తిప్పితే బాణం దారి తప్పుతుంది.

ఆ తరువాత 10 మీటర్లు, 18 మీటర్లు, 30 మీటర్లు. ఆరు బాణాలు ఒకచోట గుంపుగా పడేదాకా దూరం పెంచవద్దు. గుంపు నడుమ పడకపోయినా ఫరవాలేదు, గుంపు పడడమే ముఖ్యం. గుంపు ఎడమకు పడుతుంటే గురి చూసే సైటును కూడా ఎడమకే జరపాలి. కిందికి పడుతుంటే సైటును కిందికే దించాలి. బాణాలు ఎటు పోతే సైటు అటు పోవాలన్నది ఈ ఆటలో మొదటి పాఠం. రెండు రూళ్ళ నోటుబుక్కులో రోజూ తేదీ, దూరం, మార్కులు రాసుకోవాలి. రాసుకోనివాడికి తాను ఎదుగుతున్నదీ లేనిదీ తెలియదు.

ప్రాణాపాయం

విల్లు ఆటవస్తువు కాదు. బాణం పెట్టకుండా నారి లాగి వదిలితే విల్లు విరిగి ముఖానికి తగలవచ్చు. టార్గెట్ వెనుక ఎత్తైన మట్టికట్ట గాని గుట్ట గాని ఉండాలి. దారి, నీళ్ళ ఊట, పశువులు తిరిగే చోటు ఉండకూడదు. అందరూ బాణాలు వేయడం పూర్తయి విల్లులు కింద పెట్టాకే ముందుకు నడవాలి. మోచేతి లోపలివైపు తోలుముక్క, వేళ్ళకు తోలుతొడుగు ఉండాలి. పెద్దవాళ్ళు లేనిదే పిల్లల చేతికి విల్లు ఇవ్వరాదు. వన్యప్రాణుల వేట 1972 చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోవాలి. సాధన పేరుతో జంతువు మీదా, పిట్ట మీదా బాణం వేస్తే కేసుల పాలయ్యేది మన పిల్లలే.

తేడా ఎక్కడ ఉంది?

రాజస్థాన్‌లో ఉదయపూర్ వైపు గిరిజన కుటుంబంలో పుట్టిన లింబారాం కూడా వెదురు విల్లుతో పిట్టలు కొట్టినవాడే. 1987లో స్పోర్ట్స్ అథారిటీ వారు ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడాది సియోల్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున బాణం వేశాడు. 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. రాంచీలో ఆటో నడిపే మనిషి కూతురు దీపికా కుమారి వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది. 2005లో ఖర్సావాన్ అకాడమీలో, 2006లో జంషెడ్‌పూర్‌లోని టాటా అకాడమీలో చేరింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో రెండు బంగారు పతకాలు గెలిచింది.

ఈ ఇద్దరికీ ఖరీదైన విల్లు ముందు రాలేదు. ముందు వచ్చినది చూసి ఎంపిక చేసిన కన్ను, రోజూ నేర్పిన గురువు. విల్లు ఆ తరువాత వచ్చింది. 1988 నుంచి 2024 వరకు వరసగా పది ఒలింపిక్స్‌లలో మహిళల జట్టు బంగారు పతకం గెలుచుకున్న దక్షిణ కొరియాలోనూ విలువిద్య బడిలోనే మొదలవుతుంది.

మన ఏజన్సీలో ప్రభుత్వం పెట్టిన గురుకులాలకు ఏకలవ్యుడి పేరు ఉంది. పేరు పెట్టినందుకైనా ఆ బళ్ళలో విల్లు ఉండాలి, నేర్పే మాస్టారు ఉండాలి. గురువు లేకుండా నేర్చుకోవలసి రావడం ఏకలవ్యుడి గొప్పతనమే కావచ్చు గాని అది పాలకులకు గౌరవం కాదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. మండలానికి ఒకచోట గుట్టకు ఆనుకుని అరవై మీటర్ల చదును నేల కేటాయించాలి. ఆశ్రమ పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులను శిక్షణకు పంపాలి. బడికి అయిదారు తేలికపాటి శిక్షణ విల్లులు ఇవ్వాలి. ఇటుకల పండగ రోజుల్లో వేటకు బదులు ఊరి నడుమ ఇండియన్ రౌండ్ పద్ధతిలో పోటీలు పెట్టి, అక్కడ నిలకడ చూపిన పిల్లలను ఎంపిక చేయాలి. పండగా నిలుస్తుంది, అడవీ నిలుస్తుంది, పిల్లలకూ దారి దొరుకుతుంది. పాడేరు ఐ.టి.డి.ఎ. అధికారులు, క్రీడా శాఖవారు ఈ విషయమై దృష్టి సారించవలసి ఉంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పోటీ నుంచి వెనక్కి వచ్చిన కుర్రవాణ్ణి గురి లేనివాడని కించపరచవద్దు. వాడికి గురి ఉంది. 10 మీటర్ల గురిని 50 మీటర్లకు తీసుకుపోయే దారి ఎవరూ చూపలేదు, అంతే. గోనెసంచి, ఆరు సమానమైన బాణాలు, ఒక నోటుబుక్కు సంపాదించుకుంటే ఆ దారిలో మొదటి అడుగు మన ఊళ్ళోనే, ఈ వారమే పడుతుంది. మిగిలిన దారి వేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది.